చివరి వరుసకు చేరని మాట

ఉగాది సాయంత్రం. ఒక పాఠశాల వ్యాయామశాలను తెలుగు సంఘం ఆ పూటకు అద్దెకు తీసుకున్నది. మామిడాకులు దొరకని చోట కాగితపు తోరణాలు కట్టారు. ముందు వరుసల్లో పెద్దలు, వెనుక వరుసల్లో పిల్లలతో తల్లులు, తలుపు దగ్గర ఏడాదికొకసారి కలుసుకునే మిత్రులు. వేదికపై పంచాంగ శ్రవణం మొదలవుతుంది. మొదటి మూడు వరుసలవారు తలలూపుతారు. పదవ వరుసలో ఒక తాతగారు చెవి వెనుక చేయి పెట్టుకుంటారు. ఇరవయ్యవ వరుసలో పన్నెండేళ్ల అమ్మాయి "ఏమన్నారమ్మా?" అని తల్లిని అడుగుతుంది. తల్లికీ తెలియదు. ఎవరో లేచి "సౌండు పెంచండి" అంటారు. పెంచుతారు. గోల పెరుగుతుంది కాని మాట తెలియదు. కాసేపటికి మైకు కీచుమంటుంది. పంచాంగం సాగుతూనే ఉంటుంది. శ్రవణం మాత్రం మూడు వరుసల దగ్గరే ఆగిపోతుంది.

తెలుగువారు వలస వెళ్లిన ప్రతి దేశంలోనూ పరిచితమైన దృశ్యమిది. ఇందుకు సాధారణంగా వక్తనో, మైకు చూసే కార్యకర్తనో, మాట్లాడుకునే ప్రేక్షకులనో నిందించడం ఆనవాయితీ. లౌడ్‌స్పీకరు శబ్దాన్ని ఏయే దిక్కులకు చిమ్ముతున్నదీ, ఆ దిక్కుల్లో ఉన్న గోడలు దాన్ని ఏం చేస్తున్నవీ అన్న ప్రశ్న మాత్రం కార్యవర్గ సమావేశాల్లో వినిపించదు. భోజనాల జాబితాకు, వేదిక అలంకరణకు దక్కే చర్చలో పదో వంతు ఈ ప్రశ్నకు దక్కినా, సంఘాలు తమ సభల్లో మాట్లాడించే తెలుగు చివరి వరుస దాకా చేరుతుంది.

ఆరుబయట ఒక తీరు, నాలుగు గోడల మధ్య ఒక తీరు

వెనుకటి తరం వారికి మైకు అనగానే గుర్తుకు వచ్చేది వేపచెట్టుకో, వెదురు గడకో కట్టిన గాజుపువ్వు వంటి లోహపు బూర. పెళ్లి పందిరి దగ్గర పెట్టిన పాట పొలాలు దాటి పక్క ఊరికి వినిపించేది. దీనివల్ల ఒక నమ్మకం పాతుకుపోయింది: శక్తి ఎక్కువైతే దూరం ఎక్కువ, దూరం ఎక్కువైతే వినికిడి ఎక్కువ.

ఆరుబయట ఆ నమ్మకం చాలావరకు నిజమే. అక్కడ శబ్దం ముందుకు వెళ్లడమే తప్ప వెనుదిరిగి రాదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దస్థాయి 6 డెసిబెల్స్ చొప్పున తగ్గిపోతుంది. చివరికి వినబడేది చిన్నదైనా, అది ఒక్కసారే వినబడుతుంది. బూర ఆకారం శబ్దాన్ని ఒక దిక్కుకు కూడగట్టి పంపుతుంది కనుక కొద్దిపాటి శక్తి చాలా దూరం పోతుంది.

గోడలు చేరితే కథ మారుతుంది. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన కొండపై ఉన్న బాలా హిస్సార్ దగ్గర వినిపించడం చూసినవారికి, కట్టడం శబ్దాన్ని ఎంతగా నడిపించగలదో చెప్పనక్కరలేదు. విశాఖపట్నంలో బాల్యవిద్య నేర్చిన సి.వి. రామన్ 1921లో లండను వెళ్లినప్పుడు, సెయింట్ పాల్ ప్రార్థనా మందిరపు గుమ్మటం కింది వసారాలో గోడ వెంట గుసగుస ఎలా ప్రయాణిస్తుందో పరీక్షించి పరిశోధన పత్రం వెలువరించాడు. అయితే గోల్కొండలో పైకి చేరవలసినది ఒక్క చప్పుడు. అది సంకేతం. సభలో చేరవలసినది సెకనుకు నాలుగైదు అక్షరాల చొప్పున సాగే ప్రసంగం. ఒక అక్షరం గదిని విడిచి పోయేలోగా తరువాతి అక్షరం వచ్చి దానిపై పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

దీపమా, టార్చిలైటా?

లౌడ్‌స్పీకరు ముందుకు మాత్రమే శబ్దాన్ని పంపుతుందని చూపరులు భావిస్తారు. అది సగం నిజం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 344 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 100 కంపనలు గల మంద్రస్వరపు తరంగం పొడవు 3.4 మీటర్లు, 1,000 కంపనలకు 34 సెంటీమీటర్లు, 10,000 కంపనలకు 3.4 సెంటీమీటర్లు. శబ్దాన్ని పుట్టించే పళ్లెం తరంగం పొడవు కంటే బాగా చిన్నదైతే శబ్దం దీపపు కాంతిలా అన్ని దిక్కులకూ వ్యాపిస్తుంది. తరంగం కంటే పళ్లెం పెద్దదైతే టార్చిలైటు కాంతిలా ముందుకు సన్నగా పోతుంది.

కనుక ఒకే స్పీకరు ఒకేసారి దీపమూ, టార్చిలైటూ కూడా. ఎనిమిది అంగుళాల పళ్లెం నుంచి మంద్రస్వరాలు పెట్టె వెనుకకు సైతం చుట్టి వస్తాయి. 2,000 హెర్ట్జ్ దాటేసరికి అదే పళ్లెపు శబ్దం ముందువైపు ఇరుకవుతుంది. ఆ కొరత తీర్చడానికే హెచ్చు స్వరాలకు అంగుళం వెడల్పు గల చిన్న స్పీకరును అదే పెట్టెలో అమరుస్తారు. కాని పెద్ద స్పీకరు ఇరుకైపోయిన చోట చిన్నది విశాలంగా మొదలవుతుంది. ఈ అతుకును జాగ్రత్తగా రూపొందించకపోతే ఎదురుగా కూర్చున్నవారికి ఒక కంఠం, పక్కగా కూర్చున్నవారికి మరో కంఠం వినిపిస్తుంది. పక్కకు పోయిన ఆ శబ్దమే గోడలకు తగిలి తిరిగి వచ్చి, ఎదురుగా కూర్చున్నవారి చెవిలో కూడా కలుస్తుంది. ఈ వ్యాప్తిని చూడకుండా స్పీకరు మంచిచెడ్డలు తేల్చడం సాధ్యం కాదు.

దిండ్లతో కనుగొన్న సూత్రం

గది పాత్రను మొదట లెక్కకట్టినవాడు వాలెస్ క్లెమెంట్ సాబిన్. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాల కొత్తగా కట్టారు. అందులో ఉపన్యాసం ఎవరికీ అర్థం కాలేదు. దాన్ని బాగుచేయమని 1895లో భౌతికశాస్త్ర విభాగంలోని ఈ యువ అధ్యాపకుడికి అప్పగించారు. పలికిన మాట ఆ గదిలో అయిదున్నర సెకన్ల పాటు మోగుతూ ఉండేది. సాబిన్ రాత్రివేళల్లో, బయట సద్దుమణిగిన తరువాత, శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, ఒక వాయుగొట్టంతో స్వరం పలికించి, అది ఎంతసేపటికి అణగిపోతుందో చెవితో విని గడియారంతో కొలిచాడు. దిండ్లు పెరిగిన కొద్దీ ఆ కాలం తగ్గింది. ఆ కొలతల నుంచి వచ్చిన సూత్రం ఆధారంగా రూపొందిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో ప్రారంభమై, నేటికీ సంగీతానికి అనువైన శాలల్లో ఒకటిగా పేరు పొందుతున్నది.

సూత్రం సరళమైనది. శబ్దం గదిలో నిలిచి మోగడాన్ని అనురణనం అందాం. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయమే అనురణన కాలం. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకొని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ఆ కాలం సెకన్లలో వస్తుంది. శోషణకు సాబిన్ ఎంచుకున్న కొలమానం తెరిచిన కిటికీ. తెరిచిన కిటికీ గుండా పోయిన శబ్దం తిరిగి రాదు కదా!

మొదట చెప్పిన వ్యాయామశాలకు దీన్ని అన్వయించి చూడవచ్చు. పొడవు 30 మీటర్లు, వెడల్పు 20, ఎత్తు 8 అనుకుంటే ఘనపరిమాణం 4,800 ఘనపు మీటర్లు. చెక్కనేల, సిమెంటు గోడలు, రేకుల కప్పు గల అటువంటి ఖాళీ శాలలో అనురణన కాలం 3 సెకన్లు ఉన్నదనుకుంటే, మొత్తం శోషణ సుమారు 258 చదరపు మీటర్ల కిటికీతో సమానం. కూర్చున్న మనిషి, ధరించిన బట్టలతో సహా, మధ్యస్థాయి స్వరాలకు సుమారు అర చదరపు మీటరు కిటికీ వంటివాడు. నాలుగు వందలమంది వచ్చి కూర్చుంటే 200 చదరపు మీటర్లు కలిసి కాలం 1.7 సెకన్లకు దిగుతుంది. మధ్యాహ్నం ఖాళీ హాలులో చేసిన మైకు పరీక్ష సాయంత్రానికి ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది. జనం పలచబడిన కొద్దీ చివరి కార్యక్రమాలు ఎందుకు అస్పష్టమవుతాయో కూడా తెలుస్తుంది.

శబ్దం పెంచితే ఏమవుతుంది?

శ్రోత చెవికి రెండు శబ్దాలు చేరతాయి. ఒకటి స్పీకరు నుంచి నేరుగా వచ్చేది. ఇది దూరంతో తగ్గుతుంది. రెండవది గోడలు, కప్పు, నేల తిప్పికొట్టినది; ఇది హాలంతటా ఇంచుమించు ఒకే స్థాయిలో నిండి ఉంటుంది. స్పీకరు దగ్గర మొదటిది బలమైనది. కొంత దూరం వెళ్లాక రెండూ సమానమవుతాయి. ఆ హద్దు దాటితే గోడల శబ్దానిదే పైచేయి.

3 సెకన్ల అనురణనం గల పై శాలలో, అన్ని దిక్కులకూ సమానంగా శబ్దం చిమ్మే స్పీకరుకు ఈ హద్దు కేవలం 2.3 మీటర్లు, అంటే దాదాపు మొదటి వరుస. శబ్దాన్ని శ్రోతలవైపు పది రెట్లు కూడగట్టే స్పీకరు పెడితే హద్దు 7.2 మీటర్లకు జరుగుతుంది. స్పీకరు శక్తి పది రెట్లు పెంచితే ఒక్క అంగుళం కూడా జరగదు. ఎందుకంటే శక్తిని పెంచినప్పుడు నేరు శబ్దమూ, గోడల శబ్దమూ కలిసే పెరుగుతాయి; వాటి నిష్పత్తి మారదు. వాట్లు రెట్టింపు చేస్తే దక్కేది 3 డెసిబెల్స్. అదైనా గోలలో వాటాయే. గోడల శబ్దం తిరిగి మైకులో పడి మళ్లీ స్పీకరులో వచ్చినప్పుడు కీచుమనే అరుపు పుడుతుంది. "సౌండు పెంచండి" అన్న కేకకు హాలు ఇచ్చే సమాధానం అదే.

తెలుగుకు జరిగే ప్రత్యేక నష్టం

ఈ నష్టం ఏ భాషకైనా ఉన్నదే. 1971లో డచ్ శాస్త్రజ్ఞుడు ప్యూట్జ్, హాలులో ఎన్ని హల్లులు శ్రోతకు దక్కకుండా పోతాయో అంచనా కట్టే సూత్రాన్ని ప్రకటించాడు. అచ్చులలో శక్తి ఎక్కువ, హల్లులలో తక్కువ. అయినా మాటకూ మాటకూ తేడా తెలిపేది ప్రధానంగా హల్లే.

తెలుగులో ఈ విషయం మరింత సున్నితమైనది. తెలుగు అజంత భాష. మాటలు అచ్చుతో ముగుస్తాయి. ముగింపులోని ఆ బలమైన అచ్చు హాలులో మోగుతూ ఉండగానే తరువాతి మాటలోని బలహీనమైన హల్లు రావలసి ఉంటుంది. పైగా తెలుగులో ద్విత్వం అర్థాన్నే మార్చివేస్తుంది: గుడి, గుడ్డి, అటు, అట్టు, పటు, పట్టు. ఈ జంటల మధ్య ముఖ్యమైన తేడా ఎక్కడున్నది? హల్లును పలికేటప్పుడు నోరు మూసుకొని ఉండే ఆ చిన్న విరామంలో. ద్విత్వంలో విరామం ఎక్కువసేపు, సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా, నిలుస్తుంది. అంటే చెవి అర్థాన్ని గ్రహించేది కొంతవరకు నిశ్శబ్దం నిడివిని బట్టి.

మూడు సెకన్ల అనురణనం గల హాలులో సెకనులో పదో వంతు కాలానికి శబ్దం తగ్గేది 2 డెసిబెల్స్ మాత్రమే. ఆ నిశ్శబ్దం పూర్తిగా పూడిపోతుంది. 0.6 సెకన్ల అనురణనం గల గదిలో అదే వ్యవధిలో 10 డెసిబెల్స్ తగ్గుతుంది. విరామం విరామంగానే వినబడుతుంది. తెలుగు పద్యం నడకకు ఆధారం లఘు గురువులు. "గుడి" రెండు లఘువులు. "గుడ్డి" గురువు, లఘువు. ఆ తేడా చెరిగిపోతే పద్యం అర్థంతో పాటు నడకను కూడా పోగొట్టుకుంటుంది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అంశమంతా ఒక్కొక్క అక్షరం మీద ఆధారపడినది. పృచ్ఛకుడు నిషేధించిన అక్షరమేదో వినబడని ప్రేక్షకుడు దేనికి చప్పట్లు కొడుతున్నాడు?

తెలుగు బాగా వచ్చినవారు వినబడని అక్షరాన్ని సందర్భాన్నిబట్టి పూరించుకుంటారు. ఆ పూరించుకునే శక్తి ఇద్దరికి తక్కువ. ఒకరు పెద్దలు: వయసుతో పాటు మొదట తగ్గేది హెచ్చు స్వరాల వినికిడి, హల్లుల గుర్తులు ఎక్కువగా ఉండేది అక్కడే. రెండవవారు పిల్లలు. పెద్దలకంటే పిల్లలకు స్పష్టమైన శబ్దం అవసరమనీ, రెండవ భాషగా నేర్చినవారికి ప్రతిధ్వనించే గదిలో అర్థం చేసుకోవడం మరింత కష్టమనీ పరిశోధనలు స్థిరపరచాయి. అందుకే అమెరికాలో 2002లో ప్రకటించిన ప్రమాణం, సాధారణ పరిమాణం గల తరగతి గదిలో అనురణన కాలం 0.6 సెకన్లు మించరాదని నిర్దేశించింది. గణితం చెప్పే గదికి అంత శ్రద్ధ వహించే సమాజంలో నివసిస్తూ, తెలుగు వినిపించే గదికి ఏ ప్రమాణమూ పాటించకపోవడం శోచనీయం.

ఇంటి తెలుగు పిల్లలకు రోజూ దక్కుతుంది: "అన్నం తిన్నావా", "తలుపు వేయి". పద్యపు తెలుగు, ప్రసంగపు తెలుగు, నాటకపు తెలుగు వారు వినేది ఏడాదిలో రెండు మూడు సాయంత్రాలు. ఆ రెండు మూడు సార్లూ వినబడినది ముద్దగా మోగే శబ్దమే అయితే, పన్నెండేళ్ల పిల్ల తప్పు గోడలదని అనుకోదు. ఈ భాష తనకు రాదనుకుంటుంది. ఇంకొంచెం పెద్దయ్యాక, తనది కాదనుకుంటుంది.

ఇంటి గదిలో

ఇక ఇంటి సంగతి. ఘంటసాల పాటలకో, బాలమురళీకృష్ణ కచేరీలకో ఖరీదైన స్పీకర్లు కొని, వాటిని అద్దాల షోకేసుకు రెండు పక్కలా మూలల్లోకి నెట్టి, సోఫాను ఎదుటి గోడకు ఆనించి వినే ఇళ్లు అనేకం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు, అర సెకను అనురణనం గల గదిలో, శబ్దాన్ని అయిదు రెట్లు ముందుకు కూడగట్టే స్పీకరుకు పైన చెప్పిన హద్దు సుమారు 1.3 మీటర్లు. చిన్న గదుల్లో ఈ సూత్రం ఉజ్జాయింపే అయినా విషయం స్పష్టం: మూడు మీటర్ల దూరాన సోఫాలో కూర్చున్నవారు వినే శబ్దంలో అధికభాగం గోడల మీదుగా వచ్చినదే.

అయితే ఇంట్లో తిరిగి వచ్చే శబ్దమంతా శత్రువు కాదు. అతి తక్కువ వ్యవధిలో వచ్చే ప్రతిఫలనాన్ని చెవి మొదటి శబ్దంతో కలుపుకుంటుంది. 1949లో జర్మనీలోని గెటింగెన్‌లో హెల్ముట్ హాస్ సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ గుణాన్ని వివరించింది. సెకనులో వెయ్యింట ముప్పై వంతుల లోపు వచ్చిన ప్రతిఫలనం వేరుగా వినబడదు. శబ్దం మొదట వచ్చిన దిక్కునుంచే వస్తున్నట్లు తోస్తుంది. బెంగాల్ నుంచి వలస వచ్చిన స్వాతంత్ర్యోద్యమకారుడి కుమారుడు, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు అమర్ బోస్, 1968లో విడుదల చేసిన 901 స్పీకరులో తొమ్మిది పళ్లాలలో ఎనిమిదింటిని వెనుకవైపుకే తిప్పాడు. కచేరీ హాలులో శ్రోత వినేది ఎక్కువగా ప్రతిఫలించిన శబ్దమేనన్నది ఆయన వాదం. అయితే అటువంటి స్పీకరు నాదాన్ని వెనుక గోడే సగం నిర్ణయిస్తుంది; ఇల్లు మారితే వాద్యమూ మారినట్లే.

1980ల మధ్యలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ చేసిన పరీక్షలు మరింత ఉపయోగకరమైన మార్గం చూపాయి. స్పీకరు పేరు, రూపం తెలియకుండా వినిపించినప్పుడు శ్రోతలు మెచ్చినవి రెండు లక్షణాలు గలవి: ఎదురుగా అన్ని స్వరాలనూ సమంగా పలికించేవి, పక్కలకు పంపే శబ్దంలో కూడా అదే పొందిక గలవి. కనుక దుకాణంలో స్పీకరు ఎదుట కూర్చుని విని కొనడం చాలదు. లేచి పక్కగా నడుస్తూ, ఎరిగిన కంఠమొకటి వినాలి. పక్కకు వెళ్లినప్పుడు గాత్రం కొద్దిగా మెత్తబడితే దోషం కాదు. మధ్యలో ఎక్కడో డొల్లబోయి, మళ్లీ చురుక్కుమంటే ఆ స్పీకరు గోడలకు తప్పుడు పాఠం చెబుతున్నదన్నమాట.

గోడల స్వభావం దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో చెక్క చట్రాలపై బిగించిన జిప్సం పలకల గోడ 125 హెర్ట్జ్ వద్ద శబ్దంలో పావువంతుకు పైగా మింగుతుంది. స్వదేశంలోని ఇటుక గోడ గాని, గల్ఫ్ దేశాలలోని కాంక్రీటు గోడ గాని నూటికి రెండు మూడు వంతులు మించి మింగదు. అదే స్పీకరు డాలస్‌లో పలచగా, దుబాయిలో బరువుగా మోగడానికి ఇదొక కారణం. తివాచీ పరిస్తే తీరిపోతుందనుకోవడం కూడా పొరపాటు. మందపాటి తివాచీ 4,000 హెర్ట్జ్ శబ్దంలో సగానికి పైగా మింగి, 125 హెర్ట్జ్ శబ్దాన్ని దాదాపు అంతా వదిలేస్తుంది. ఫలితంగా వయొలిన్ మసకబారి, మృదంగపు ఎడమ వైపు మాత్రం గుమ్మంటూ మిగులుతుంది. దీనికి తోడు గది కొలతలు కొన్ని మంద్రస్వరాలను పట్టి ఊపుతాయి. పై గదికి అవి 34, 43, 72 హెర్ట్జ్ దగ్గరా, వాటి గుణిజాల దగ్గరా ఉంటాయి. మూలలో పెట్టిన స్పీకరు ఈ ఊపును మరింత రెచ్చగొడుతుంది.

వీటికి పరిష్కారాలు చాలావరకు ఖర్చులేనివి. స్పీకర్లను మూలల నుంచి రెండు మూడు అడుగులు బయటికి జరపాలి. చిన్న స్పీకరు కూర్చున్నవారి చెవి ఎత్తున ఉండాలి. సోఫాను వెనుక గోడ నుంచి కొంచెం ముందుకు లాగాలి. స్పీకర్లకూ సోఫాకూ నడుమ తివాచీ పరచాలి. ఒకరు సోఫాలో కూర్చోగా మరొకరు పక్కగోడ వెంట అద్దాన్ని జరుపుతూ పోతే, అద్దంలో స్పీకరు కనిపించే చోటే మొదటి ప్రతిఫలనం పుట్టే చోటు. స్పీకరు పక్క శబ్దం బాగాలేకపోతే అక్కడ మందపు తెరో, పుస్తకాల బీరువానో అమర్చితే సరి. ఇవన్నీ చేసిన తరువాత కూడా తృప్తి కలగకపోతే అప్పుడు కొత్త స్పీకరుకు డబ్బు వెచ్చించవచ్చు.

సంఘాలు చేయదగినవి

హాలులో కావలసినది ఇంటికి భిన్నం. ఇంట్లో విశాలమైన, పొందికైన వ్యాప్తి మేలు. మోగే పెద్ద హాలులో శ్రోతల మీదకు మాత్రమే పడే వ్యాప్తి మేలు. కనుక మైకు సెట్టు అద్దెకు తెచ్చేటప్పుడు వాట్లు ఎన్ని అని అడగడం మాని, డిగ్రీలు ఎన్ని అని అడగడం మొదలుపెట్టాలి. అడ్డంగా 90 డిగ్రీలు, నిలువుగా 40 డిగ్రీలు అన్న రీతిలో ఆ వివరం స్పీకరు పత్రాలలో ముద్రించి ఉంటుంది. ఆ కోణం హెచ్చు స్వరాలకే వర్తిస్తుంది. మాటల స్పష్టతకు కావలసినవీ అవే. స్పీకరును తల ఎత్తుకు పైన నిలిపి, కిందికి వంచి, శ్రోతల మీదకు గురిపెట్టాలి. వెనుక గోడ మీద పడిన శబ్దం వృథా మాత్రమే కాదు, హాని కూడా. చిన్న పళ్లాలను నిలువు వరుసలో పేర్చిన స్తంభాకారపు స్పీకరు నిలువుగా ఇరుకై, అడ్డంగా విశాలమై కప్పును తప్పిస్తుంది కనుక ప్రసంగాలకు అనువైనది.

హాలు పొడవైనదైతే నడుమ రెండు చిన్న సహాయక స్పీకర్లను తక్కువ స్థాయిలో పెట్టవచ్చు. వేదిక నుంచి 15 మీటర్లు రావడానికి శబ్దానికి సెకనులో వెయ్యింట 44 వంతులు పడుతుంది. సహాయక స్పీకర్ల శబ్దాన్ని అంతకంటే పది, పదిహేను వంతులు అదనంగా ఆలస్యం చేస్తే, హాస్ చెప్పిన చెవి గుణం వల్ల మాట వేదిక నుంచే వస్తున్నట్లుండి స్పష్టత పెరుగుతుంది. నేటి డిజిటల్ మిక్సర్లలో ఈ సదుపాయం సాధారణమే. మైకును నోటికి జానెడు దూరంలో ఉంచి మాట్లాడమని వక్తలను కోరడం, ప్రసంగ సమయంలో మంద్రస్వరాలను తగ్గించడం ఖర్చులేని పనులు.

వీటన్నిటికంటే ముందు హాలు ఎంపిక. ఒప్పందంపై సంతకం చేసేముందు కార్యవర్గ సభ్యుడొకరు ఖాళీ హాలు నడుమ నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి, అది ఎంతసేపు నిలుస్తుందో వినాలి. భోజనాలకు, ఆటలకు వ్యాయామశాల. పద్యానికి, ప్రసంగానికి, నాటకానికి మెత్తని కుర్చీలు, తెరలు గల ప్రదర్శనశాల. రెండూ ఒకే చోట కుదరకపోతే, మాట ప్రధానమైన అంశాలను గ్రంథాలయపు గది వంటి చిన్న చోటికి మార్చడం మేలు. మూడువందలమందికి వినబడని అవధానం కంటే ఎనభైమందికి అక్షరం అక్షరం వినబడే అవధానం శ్రేష్ఠం.

ఒక్క పూట వేడుకకు ఇంత ఆలోచనా అని కొందరు ఆక్షేపించవచ్చు. సినిమా పాటకు, నృత్యానికి శబ్దం మోగితేనే ఉత్సాహమని మరికొందరు అనవచ్చు. రెండవ మాటలో నిజం లేకపోలేదు. తెలిసిన పాటలో మాట వినబడకపోయినా జ్ఞాపకం పూరిస్తుంది. మొదటిసారి వినే పద్యాన్ని పూరించే జ్ఞాపకం ఎవరికీ ఉండదు. ఇది నిపుణుల పని కదా అన్న మూడో ఆక్షేపణ మాత్రం తెలుగు సంఘాలకు శోభించదు. ఆ సంఘాలలో ఇంజనీర్లకు ఎన్నడూ కొదవ లేదు.

ఒక చిన్న పరీక్షతో మొదలుపెట్టవచ్చు. కార్యక్రమానికి ముందు, జనం చేరుతున్న వేళ, చివరి వరుసలో ఒక తాతగారినీ, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక పిల్లనూ కూర్చోబెట్టి, వేదికపై నుంచి ఇరవై మాటలు చదవాలి: గుడి, గుడ్డి, అటు, అట్టు, పటు, పట్టు... వరుస మార్చి, ఒక్కొక్కసారే చదవాలి. విన్నది విన్నట్లు వారిద్దరూ కాగితం మీద రాయాలి. పిల్లకు తెలుగు లిపి రాకపోతే వచ్చిన లిపిలోనే రాయవచ్చు. ఇరవైలో పద్దెనిమిది సరిపోతే కార్యక్రమం మొదలుపెట్టవచ్చు. సరిపోకపోతే స్పీకరు కోణం మార్చాలి, కుర్చీలు దగ్గరికి జరపాలి, మళ్లీ చదవాలి. అరగంట ఆలస్యమైనా నష్టం లేదు. తెలుగు సభలు సమయానికి మొదలైనందుకు ఎవరూ ఎన్నడూ మెచ్చుకోలేదు. చివరి వరుసలోని ఆ అమ్మాయి పద్యం విని, అర్థమై నవ్వితే, ఆ తాతగారు ఏడాది పొడవునా చెప్పుకుంటారు.